వేషభూషల చరిత్రకు 'హంసవింశతి' సాక్ష్యం

18వ శతాబ్ది తెలుగువారి వేషభూషలను చర్చించే పరిశోధకులు తరచుగా ఆశ్రయించే కావ్యం అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి'. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో ఈ కావ్యాన్ని ప్రజాజీవన చిత్రణకు ఆధారంగా వినియోగించారు. రాజుల నుండి ప్రజల వైపు చరిత్రదృష్టిని మళ్లించిన ఆ కృషి విలువ తరగనిది. అయితే కావ్యంలోని వస్త్రాభరణ పట్టికలో కనిపించే ప్రతి పేరునూ నాటి వాడుకకు నిదర్శనంగా గ్రహించడం సమంజసం కాదు. పట్టిక కూర్పు ఒక కావ్యసంప్రదాయం. యతిప్రాసలు పదాల ఎంపికను శాసిస్తాయి. పూర్వకవుల నుండి సంక్రమించిన పేర్లూ అందులో చేరుతాయి.

ఇక్కడ బందరు అద్దకాల వర్తక చరిత్ర తోడ్పడుతుంది. చిరివేరు ఎరుపుతో ప్రసిద్ధి పొందిన ఈ తరహా భారతీయ వస్త్రాలకు యూరపులో గిరాకీ పెరగగా, ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు వాటిని నిషేధించింది. అద్దకపు నూలుబట్టల ధారణపై ఇంగ్లండు 1721లో చట్టం చేసింది. వర్తకపత్రాలలో వస్త్రం పేరు, ధర, పరిమాణం లభిస్తాయి. స్థానికంగా ధరించినవారు కనిపించరు. కావ్యంలో ధర ఉండదు గాని, ధరించిన పాత్ర వృత్తి, హోదా, సందర్భం ఉంటాయి. కనుక వస్తువు ఉనికిని పత్రాలతోను, దాని సామాజికార్థాన్ని కథాసందర్భంతోను నిర్ణయించాలి. పాత్ర నుండి విడదీసిన నగపేరు నిఘంటువుకు ఉపకరిస్తుంది. వేషభూషల చరిత్రకు అది చాలదు.