పనిలో పనిగా పొట్ట

"ఎలాగూ పొట్ట కోస్తున్నారు కదా డాక్టర్‌గారూ, పనిలో పనిగా ఈ కొవ్వు కూడా తీసేయమని చెప్పండి." కలకత్తాలో ఈ మాట నాకు రెండు భాషల్లో వినిపిస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే మనవాళ్ళు తెలుగులో అంటారు, బెహాలా, సాల్ట్‌లేక్ వాళ్ళు బెంగాలీలో. నిజానికి నేను మత్తు డాక్టర్ని, కొవ్వు తీసే పని నాది కాదు. కానీ గర్భసంచి ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం బీపీ, గుండె, పళ్ళు చూడ్డానికి మంచం పక్కన కూర్చునేది నేను. సర్జన్‌ని అడగడానికి మొహమాటపడినవన్నీ అప్పుడు బయటికొస్తాయి.

ఆ కోరికలో తప్పేమీ లేదు. కాన్పులయ్యాక కొందరికి పొట్ట మధ్యనున్న నిలువు కండరాల జత విడిపోయి అలాగే ఉండిపోతుంది. ఎంత నడిచినా, ఎన్ని పూటలు అన్నం మానేసినా పొట్ట లోపలికి పోదు. సిజేరియన్ మచ్చ మీదికి చర్మం మడతపడి, ఇక్కడి ఉక్కకు ఒరుసుకుపోతుంది. దీన్ని సోకు అనేవాళ్ళు ఆ మడత కింద పౌడరు అద్దుకుంటూ కలకత్తా మే నెల గడిపి చూడాలి. ఇంకో సంగతి కూడా ఉంది. గర్భసంచి ఆపరేషన్ అంటే ఇంట్లోవాళ్ళు వంటా వార్పూ చూసుకుంటారు, ఆఫీసువాళ్ళు సెలవిస్తారు. పొట్ట తగ్గించుకోవడానికి అదే సెలవు అడిగితే ఎవరిస్తారు? ఒకదాని అనుమతితో రెండోది కూడా చేయించుకోవాలని చూడటం నాకు లౌక్యంగానే కనిపిస్తుంది.

ఈ రెండు పనుల చుట్టరికం కొత్త కూడా కాదు. 1899లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ ఒక స్త్రీ పొట్ట మీంచి 7,450 గ్రాముల చర్మం, కొవ్వు కోసి తీసి ఆ సంగతి ప్రచురించాడు. ఆయన గైనకాలజిస్టు. మరుసటి ఏడు ఫానెన్‌స్టీల్ అనే జర్మన్ గైనకాలజిస్టు పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టే కోతను వివరించాడు. సిజేరియన్లకు నేటికీ దాన్నే కొద్ది మార్పులతో వాడుతున్నారు.

నా పేచీ అంతా "ఎలాగూ కోస్తున్నారు కదా" అన్నదానితోనే. గర్భసంచి తీయాలంటే పొట్ట కోసి తీరాలని లేదు. ఇక్కడి చిత్తరంజన్ సేవాసదన్‌లో పనిచేసిన సుబోధ్ మిత్ర, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడా గర్భసంచిని కిందినుంచే, యోనిమార్గంలో తీసే పద్ధతికి పేరుపడ్డాడు. లింఫు గ్రంథుల కోసం పక్కల్లో కోతలు పెట్టినా పొట్ట లోపలి పొరను తెరవలేదు. దాన్ని మిత్ర ఆపరేషన్ అంటారు. క్యాన్సర్ కాని మామూలు గర్భసంచిని ఇప్పుడు చాలామందికి కిందినుంచో, లాప్రోస్కోపీతోనో తీసేయవచ్చు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అంటే ఎలాగూ కోయడం లేదన్నమాట. టమ్మీ టక్‌కు, అంటే పొట్ట తగ్గించి బిగించే ఆపరేషన్‌కు మాత్రం ఒక తుంటి ఎముక నుంచి రెండోదాని దాకా కోయాలి, చర్మాన్ని పక్కటెముకల వరకూ లేపాలి, బొడ్డుకు కొత్త చోట కన్నం పెట్టాలి. పక్కవాయిద్యం అనుకుని పిలిచింది కచేరీ మొత్తం నడిపేస్తుంది.

థియేటర్లో ముందు గైనిక్ వాళ్ళ పని. యోని తెరుచుకునే ఆపరేషన్ కాబట్టి అక్కడి క్రిములు పొట్ట గాయంలోకి పాకకూడదు. వాళ్ళది అయ్యాక గౌన్లు, గ్లోవ్స్, కత్తుల ట్రాలీ అన్నీ మారాలి. తర్వాత ప్లాస్టిక్ సర్జన్ విడిపోయిన కండరాలను రొమ్ము ఎముక కింది నుంచి పొత్తికడుపు దాకా దగ్గరికి లాగి కుడతాడు. ఒక్కో కుట్టు బిగుస్తుంటే నా వెంటిలేటర్ తెరమీద శ్వాస ఒత్తిడి అంకె పైకి పోతుంది. "కొంచెం వదలండి" అని నేను, "ఇంకొక్క కుట్టు" అని ఆయన. ఆ బేరం ప్రతిసారీ ఉంటుంది. చివర్లో చర్మం అందడానికి బల్లను మధ్యలో వంచుతారు. మెలకువ వచ్చేటప్పుడు ఆమె గట్టిగా దగ్గితే కుట్ల మీద భారం పడుతుంది గనుక, ఆ పది నిమిషాలూ నేను ఎవరితోనూ మాట్లాడను.

నా అసలు భయం కాళ్ళ సిరల గురించి. ఆపరేషన్ సేపు పెరుగుతుంది, బిగించిన పొట్ట సిరలను నొక్కుతుంది, ఆపైన కొన్నాళ్ళు నడుం వంచి నడవాలి కాబట్టి మనిషి మంచం దిగడానికి బద్ధకిస్తుంది. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. కలిపి చేస్తే ఈ ముప్పు పెరుగుతుందని 1986లోనే అమెరికాలో ఒక పరిశీలన చెప్పింది. మనుషుల్ని జాగ్రత్తగా ఎంచుకుంటే ఫరవాలేదని తర్వాత మరికొన్ని అన్నాయి. నేను మొదటిదాన్ని నమ్మి తర్వాతివాటి ప్రకారం నడుస్తాను. మేజోళ్ళు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, అదే సాయంత్రం నాలుగడుగులు తప్పనిసరి. హెపారిన్ ఇస్తే రక్తస్రావం భయం, ఇవ్వకపోతే గడ్డ భయం.

రక్తం సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పశ్చిమ బెంగాల్లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 71.4 శాతానికి రక్తహీనత ఉంది. ఫైబ్రాయిడ్లతో నెలనెలా రక్తం పోగొట్టుకుంటున్న మనిషికి ముందు ఐరన్ ఎక్కించాలి, టక్ ముచ్చట తర్వాత. క్యాన్సర్ అనుమానం ఏ మాత్రం ఉన్నా నేను కలపనివ్వను. పెద్ద ఫైబ్రాయిడ్లు ఉండి పొట్ట తెరవక తప్పనివాళ్ళు, పాత కోతలో హెర్నియా ఉన్నవాళ్ళు, సిగరెట్ తాగనివాళ్ళు, బరువు అదుపులో ఉన్నవాళ్ళు అయితే సంతోషంగా ఒప్పుకుంటాను.

మన తెలుగువాళ్ళ విషయంలో ఇంకాస్త అనుమానంగా ఉంటాను. అదే కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 విడతలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. ఇలాంటి చోట సన్నటి నడుం ఎరగా వేస్తే ఇంకెన్ని గర్భసంచులు పోతాయో. అందుకే మంచం పక్కన ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: "పొట్ట సంగతి లేదనుకోండి, అప్పుడు కూడా గర్భసంచి తీయించుకుంటారా?" జవాబుకు ముందు భర్త ముఖం వైపు చూస్తే, ఆయన్ని టీ తాగి రమ్మని పంపి మళ్ళీ అడుగుతాను.

ఇక బిల్లు. అందానికి చేసే సర్జరీకి మన ఆరోగ్య బీమా పాలసీలు డబ్బివ్వవు. మినహాయింపుల జాబితాలో ఎనిమిదో నంబరు అదే. హెర్నియా అని రాసి కలిపేయమని అడిగే కుటుంబాలున్నాయి. హెర్నియా నిజంగా ఉంటే రాయడానికి అభ్యంతరం లేదు. లేకపోతే గైనిక్ వాళ్ళు ముగించిన సమయం, ప్లాస్టిక్ సర్జన్ మొదలుపెట్టిన సమయం రెండూ నా మత్తు చార్టులో ఉంటాయి, వాటిని మార్చను. రెండో భాగం ఖర్చు చేతి డబ్బుతో కట్టాలని తెలిశాక, "దుర్గాపూజలు కానివ్వండి, చూద్దాం" అని టక్ వాయిదా వేసుకున్నవాళ్ళు ఉన్నారు. కొందరు ఫిజియోథెరపీతో సరిపెట్టుకున్నారు. కొందరు రక్తం పట్టాక, చలికాలంలో, విడిగా వచ్చి చేయించుకున్నారు. అలా వచ్చినవాళ్ళకు మత్తివ్వడం నాకు తేలిక.