ఒక్క లెన్సుతో పెళ్లి గట్టెక్కుతుందా?

డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లు ముందుగా అడిగేది ఇదే: "లెన్సులు మార్చే బాధ లేకుండా అన్నిటికీ పనికొచ్చేది ఒకటి చెప్పండి సార్." లేకేం? 2005లో నికాన్ 18-200 వీఆర్‌ను తెచ్చింది. 18 మి.మీ. దగ్గర ఊరి చెరువంతా ఫ్రేములో పడుతుంది. 200కి తిప్పితే అవతలి గట్టు మీద మేసే గేదె అందుతుంది. ఆ తర్వాత పోటీ ముదిరింది. 2017లో టామ్రాన్ ఏకంగా 18-400 దాకా వెళ్లింది.

ఇలాంటి లెన్సు చేతికి రాగానే ఎంత దూరం లాగుతుందో చూసి మురిసిపోతాం. నేను మాత్రం ముందు వెలుతురు సంగతి చూస్తాను. 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకునే నికాన్ లెన్సు 200కి వెళ్లేసరికి 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు). పగటి ఎండలో ఇది పట్టించుకోవాల్సిన తేడా కాదు. రాత్రి ముహూర్తం పెళ్లిలో తెలిసొస్తుంది. ఎఫ్ 2.8 లెన్సు సెకనులో 200వ వంతులో తీసే ఫొటోకి, అదే ఐఎస్ఓ మీద 5.6కి 50వ వంతు పడుతుంది. అంటే నాలుగింతల సమయం.

వీఆర్ ఉంది కదా అంటారు. అది వణికే మన చేతిని సర్దుతుంది గానీ తలంబ్రాలు పోసే పెళ్లికూతురి చేతిని ఆపలేదు. ఫొటోను పెద్దది చేసి చూడండి. పందిరి గుంజకు చుట్టిన బంతిపూల రేకులు లెక్కపెట్టొచ్చు. దోసిట్లోంచి జారే బియ్యం మాత్రం పసుపు గీతలైపోయి ఉంటాయి. పోనీ ఐఎస్ఓ పెంచుదామంటే, పట్టుచీర జరీ మీద ఇసుక చల్లినట్టు నాయిస్ పేరుకుంటుంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

మిగతా లోపాలతో సర్దుకుపోవచ్చు. 18 దగ్గర ఫ్రేము అంచున ఉన్న ద్వారబంధం బయటికి ఉబ్బుతుంది, కాస్త జూమ్ చేస్తే లోపలికి వంగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు. మెడలో వేసుకుని నడుస్తుంటే గొట్టం దానంతటదే కిందికి జారుతుంది. 2009లో వచ్చిన రెండో రూపంలో దీనికో లాక్ స్విచ్ పెట్టారు. ఇంకో సంగతి వాడితే గానీ తెలియదు. అరమీటరు దూరం నుంచి పెళ్లికూతురి మెట్టెలు తీస్తే, రింగు 200 మీదే ఉన్నా అంత పెద్దగా రావు. దగ్గరి ఫోకస్‌లో ఈ లెన్సు లాగే శక్తి బాగా తగ్గిపోతుంది.

ఇదే లెన్సును కొమురవెల్లి మల్లన్న జాతరకు తీసుకెళ్లండి, లెక్క మారిపోతుంది. గాలి నిండా బండారు. అక్కడ లెన్సు విప్పితే సెన్సర్‌కు పసుపు పూసినట్టే. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం గాలితో పాటు కొంత దుమ్మునూ లోపలికి పీల్చుకుంటుంది, నిజమే. అయినా విప్పడం కన్నా అదే నయం. పట్నం ముగ్గు మొత్తం వచ్చేలా ఒకటి, మరుక్షణం ఒగ్గు పూజారి వేళ్లలోంచి రాలే రంగు ఒకటి. రెండు లెన్సులు వేసుకెళ్లినవాడికి ఆ రెండోది దొరకడం కష్టం. ఎండలో ఎఫ్ 8 పెట్టి తీస్తే, పత్రికలో అచ్చయ్యాక అది ఏ లెన్సుతో తీశారని అడిగేవాళ్లు ఉండరు.

కాబట్టి షాపు గుమ్మంలో నిలబడి ఎదుటి హోర్డింగును లాగి చూస్తే ఏమీ తేలదు. పరీక్ష ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సును 55 దగ్గర పెట్టండి. అక్కడ దానికీ 5.6 మించి తెరుచుకునే వీల్లేదు. లైట్లు వేశాక, ఫ్లాష్ లేకుండా, హాల్లో ఆడుకునే మీ పాపను తీయండి. 18-200 దాని చివరి కొసలో మీకిచ్చే వెలుతురు అంతే. పైగా 200 దగ్గర చేతి వణుకు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఫొటో మీకు నచ్చితే నిశ్చింతగా కొనుక్కోండి. నచ్చకపోతే 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు చూడండి. జూమ్ ఉండదు, మీరే ముందుకూ వెనక్కూ నడవాలి. కానీ 5.6తో పోలిస్తే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది, ధర కూడా 18-200 కన్నా చాలా తక్కువ.