చరిత్రములలో కానరాని పాఠశాల

పుణ్యపురుషుల చరిత్రములు వ్రాయువారికి ఒక యలవాటు కలదు. పుట్టుకయందు శుభశకునము, బాల్యమునందు భక్తి, యౌవనమునందు హింస, మరణానంతరము మహిమ: ఈ మెట్లన్నియు ఎక్కించినగాని వారికి తృప్తి కలుగదు. మన భక్తచరిత్రములును ఈ త్రోవనే నడచినవి గనుక పరులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను, పిల్లలకు అక్షరములు నేర్పుటయే జీవితముగా గడపిన యొక స్త్రీ చరిత్రమును గూడ ఆ మూసలోనే పోసినప్పుడు బడిపంతులమైన మాకు మనసు చివుక్కుమనును. ఆస్ట్రేలియా దేశపు కతోలిక సన్యాసిని మేరీ మెకిల్లప్ జీవితమును గూర్చి మేము చదివిన వ్రాతలు మాకట్టి యనుభవమునే కలిగించినవి.

ఆమె 1842 జనవరి 15వ తేదీన మెల్బోర్న్ నగరమున, స్కాట్లండునుండి వలసవచ్చిన దంపతులకు పుట్టెను. ఎనమండుగురు బిడ్డలలో పెద్దది. తండ్రి చదువుకొన్నవాడే గాని ఆయన చేత పైస నిలువదు. అందుచే ఆమె చిన్ననాటనే గుమాస్తాపనిలో చేరి సంసారభారము మోయవలసివచ్చెను. 1860లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా యను ఊరికి పోయి బంధువులయింట పిల్లలకు చదువుచెప్పుచుండగా, అచ్చటి మతగురువగు జూలియన్ టెనిసన్ వుడ్స్‌తో పరిచయమయ్యెను. ఈయన భూగర్భశాస్త్రమున గ్రంథము వ్రాసిన పండితుడు. తన విశాలమండలములో బీదపిల్లలకు చదువు లేకుండుట చూచి చింతిల్లుచుండెను. 1866లో పాడుపడిన గుఱ్ఱపుసాల నొకదానిని ఆమె తమ్ముడు బాగుచేయగా అందు బడి ఆరంభమయ్యెను. సెయింట్ జోసెఫ్ సోదరీసంఘమునకు అదియే పుట్టినిల్లు. 1871 నాటికి సుమారు 130 మంది సోదరీమణులు 40కి పైగా పాఠశాలలలో పనిచేయుచుండిరి.

ఆ గుఱ్ఱపుసాలను వర్ణింపని చరిత్రకారుడు లేడు. ఏల? క్రీస్తు పశువులశాలలో పుట్టెను గనుక, ఇదియు ఆ పోలికకు అక్కఱకు వచ్చును. మాకు తోచు ప్రశ్నలు వేఱు. అందెందఱు పిల్లలు కూర్చుండిరి? పలకలెన్ని? పొలముపనుల దినములలో హాజరు తగ్గినప్పుడు ఏమిచేసిరి? వీనికి ప్రత్యుత్తరము వెదకబోయిన పాఠకుడు ప్రార్థనలయొక్కయు కన్నీళ్లయొక్కయు నడుమ దారితప్పును.

ఆమె ఘనత యంతయు కొన్ని నిరాకరణములలో నున్నదని మా యభిప్రాయము. జీతమియ్యలేని బిడ్డను వెనుకకు పంపరాదు. ప్రభుత్వమిచ్చు ద్రవ్యము పుచ్చుకొనరాదు. సోదరీమణులు గొప్ప మఠము కట్టుకొనక, ఇద్దఱు ముగ్గురుగా గనుల యొద్దను, రైలుదారి వేయు కూలీల యొద్దను, సేద్యగాండ్ర పల్లెలలోను చిన్నయిండ్లలో కాపురముండవలెను. అన్నిటికంటె చిత్రమైనది పియానో నేర్పరాదను నియమము. ఆ కాలపు మఠపాఠశాలలకు కలవారి కూతుండ్రకు సంగీతము నేర్పి సంపాదించు ద్రవ్యమే పెద్ద ఆధారము. బిషపులు కొందఱు ఈ నియమమునకు విసుగుకొనిరి. చరిత్రకారులు దీనిని దారిద్ర్యవ్రతములో నొక భాగమని పొగడి ముందునకు సాగుదురు. ఇది వ్రతము కాదు, పాఠశాలానుభవము. పియానో వచ్చిన బడికి ధనికుల బిడ్డలు వత్తురు. వారు వచ్చిన పిమ్మట బీదబిడ్డ వెనుకబల్లకు జరుగును. కొన్నినాళ్లకు రాకయే మానును. తరగతిగదిలో నిలిచినవారికి దీనిని వ్యాఖ్యానింప నక్కఱలేదు.

సంఘమును ప్రాంతీయ బిషపులు గాక, సోదరీమణులు ఎన్నుకొన్న నాయకురాలే పాలింపవలెనను పట్టుదలయు అట్టిదే. గ్రంథములందు ఇది అధికారమునకై జరిగిన యుద్ధము. మాకిది ఉపాధ్యాయినుల బదిలీ సమస్య. మండలమున కొక యజమానుడున్నచో, ఒకచోట మిగిలిన పంతులమ్మను మఱియొకచోట లేని బడికి పంపుట యెట్లు?

ఇక 1871 సెప్టెంబరు 22వ తేదీ. అవిధేయురాలను నేరముపై అడిలైడు బిషపు షీల్ ఆమెను వెలివేసెను. అప్పుడామెకు ఇరువదితొమ్మిదేండ్లు. ఐదుమాసములకు, 1872 ఫిబ్రవరి 23న, మరణశయ్యపైనున్న బిషపు ఆ వెలిని ఎత్తివేసెను. ఈ నడుమ ఎమాన్యుయేల్ సాలమన్ అను యూదు వర్తకుడు నిలువనీడ లేని సోదరీమణులకు అద్దెలేక ఇల్లిచ్చెను. ఈ ఘట్టమునకు చరిత్రకారులు తమ సిరా నంతయు ధారవోయుదురు. ఆమె యోర్పు నిజముగ శ్లాఘనీయము, కాదనము. కాని ఆ మాసములలో బడులు పెక్కు మూతబడెను. ఆ పిల్లలెచటికి పోయిరి? దీనిని గూర్చి ఒక పుటయైనను మాకు కనబడలేదు.

మఱియొక విషయము కలదు. 1870 ప్రాంతమున కపుండ యను ఊర ఒక మతగురువు పిల్లలయెడ చేసిన దుష్కృత్యమును సోదరీమణులు పై యధికారులకు తెలిపిరి. ఆ గురువును ఆ దేశమునుండి పంపివేసిరి. అతని స్నేహితుడొకడు బిషపునొద్ద పలుకుబడి గలవాడై సంఘముపై పగబూనెనని చెప్పుదురు. ఇది లోకమున విస్తారముగ తెలిసినది 2010లో. అదియే వెలికి ఏకైక కారణమని పట్టుట సాహసము. కాని పిల్లల పక్షమున నోరు తెఱచిన పంతులమ్మల ధైర్యము ఎన్ని మహిమలకు సాటి కాదు? పూర్వపు భక్తిగ్రంథములు దీనిని మాటుపఱచుట మేము క్షమింపలేము.

అట్లే ఆమె నెదిరించిన వారినందఱను దుర్మార్గులుగ చిత్రించుటయు మాకు నచ్చదు. ఐదేండ్లలో 130 మంది చేరిరన్నచో, వారిలో పలువురు చిన్నవయసువారు, తగిన శిక్షణ లేనివారు. వీరికి చదువు చాలదని కొందఱు గురువు లాక్షేపించిరి. ఆ యాక్షేపణ ద్వేషము వలన పుట్టినను, పూర్తిగ అసత్యము కాదు. ఉత్సాహము వేఱు, పాఠము చెప్పగల సామర్థ్యము వేఱు. ఈ చిక్కును సంఘమెట్లు విడదీసినదో చెప్పియుండినచో, ఉపాధ్యాయులకు ఆమె యోర్పునుగూర్చిన నూఱు పుటలకంటె ఎక్కువ ఉపయోగించెడిది.

రోమా పీఠము 1888లో సంఘమునకు తుది సమ్మతి యిచ్చెను. 1995లో ఆమెను ధన్యురాలని, 2010 అక్టోబరు 17న పునీతురాలని పోపులు ప్రకటించిరి. ఆస్ట్రేలియాలో ఈ గౌరవము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. ఇందులకై అంగీకరించిన మహిమలు రెండు. రెండును స్త్రీల కాన్సరు వ్యాధులు నయమగుట. ఆ పద్ధతిని విమర్శించుట మా పని కాదు. మతమునకు దాని ప్రమాణములు దానికుండును. చరిత్రకారునికి మాత్రము అదే ప్రమాణము చాలదు. గనికూలివాని కూతురు తండ్రికి వచ్చిన యుత్తరమును తానే చదివి వినిపింపగలుగుట మహిమల పట్టికలో చేరకపోవచ్చును, జీవితచరిత్రమున చేరవలదా?

1902లో న్యూజిలండున ఆమెకు పక్షవాతము వచ్చి కుడివైపు పడిపోయెను. అప్పటికి అఱువదేండ్లు. 1909 ఆగస్టు 8న మరణించువఱకు చక్రములకుర్చీయే ఆధారము. అయినను సోదరీమణులకు ఉత్తరములు వ్రాయుట మానలేదు. ఎడమచేతితో అక్షరములు దిద్దుట క్రొత్తగా నేర్చుకొనెను. ఆ వంకర యక్షరములు మొదట ఎన్నిమారులు చెఱిపి వ్రాసెనో, తన బడిపిల్లలెవరైన తలంపునకు వచ్చిరో యని మేము చాలసేపు పుస్తకము మూసికొని కూర్చుంటిమి. మేము చదివిన చరిత్రకారులు ఈ సంగతిని ఒక్క పంక్తిలో దాటిపోయిరి.