అన్యదేశ్యపద విమర్శము

తెలుఁగున వాడుకలోనున్న అరబీ, పారసీక పదములను గ్రామ్యములని త్రోసివేయుట పండితులకుఁ బరిపాటి. సంస్కృతవ్యాకరణమును జదివిన నేనును బహుకాల మట్లే తలఁచితిని. హత్నూరలో ఒక రైతు తన చేనిని గూర్చి వ్రాయించుకొన్న అర్జీని దిద్దుమని నా కిచ్చెను. అందు 'హక్కు' అను పదమును గొట్టి 'స్వత్వము' అని వ్రాసితిని. అతఁడు చదివించుకొని విని, "అయ్యగారూ, ఇండ్ల నా హక్కు ఏడున్నది?" అని యడిగెను. ఆ ప్రశ్నయే యీ విమర్శమునకు మూలము.

మొదట రూపమును విచారింతము. సంస్కృతమున హలంతములైన జగత్, మహత్ అనునవి తెలుఁగున జగత్తు, మహత్తు అగుచున్నవి. మరమ్మత్, కసరత్ అను అరబీ పదములును మరమ్మత్తు, కసరత్తు అయినవి. వాక్ శబ్దము వాక్కైనట్లే హక్ శబ్దము హక్కైనది. పారసీకమునఁ గాగజ్ అనునది మువర్ణకమును దాల్చి కాగితమైనది. 'నీలపుఁ గండె' వలెనే 'కాగితపుఁ బడవ' యనుచున్నాము. బదల్ అనుదాని నుండి 'బదలాయించు' అను క్రియ పుట్టినది. గ్రామ్యమనఁగా లక్షణవిరుద్ధమైనది గదా. లక్షణమున కింతగా లోఁబడిన పదములను గ్రామ్యము లనుట యెట్లు పొసఁగును? దేశ్యమునకుఁ దెలుఁగునాఁటి వాడుకయే ప్రమాణమని 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరియు నంగీకరించినాఁడు.

ఇఁక నర్థము. పారసీకమున ఖరీద్ అనఁగాఁ గొనుగోలు; మనకు ఖరీదనఁగా వెల. పాలితజనమును దెలుపు అరబీ రఇయ్యత్ శబ్దము రైతై సేద్యగానికిఁ బేరైనది. 'ప్రక్కటెముక' యను అర్థముగల అరబీ పదమే జిల్లా యైనది. 1948 వఱకు నిజాం రాజ్యమున నుండిన యీ సీమలోఁ గచ్చేరీ భాష మొదటఁ బారసీకము, పిదప ఉర్దూ. భూమి, పన్ను, వ్యాజ్యము వీనికి సంబంధించిన పేర్లు పెక్కు లా త్రోవనే వచ్చినవి. మేస్త్రీ, అనాస మున్నగునవి పోర్చుగీసువారి నుండి వచ్చినవి.

శుద్ధభాషావాదు లొక సంగతి గమనింపవలెను. 16వ శతాబ్దిలోఁ బొన్నికంటి తెలగనార్యుఁడు తత్సమములను విడిచి యచ్చతెలుఁగున యయాతిచరిత్రమును రచించెను. దానికిఁ గృతిపతి మా జిల్లాలోని పటాన్‌చెరువు నేలిన కుతుబ్‌షాహీ అధికారి అమీనుఖాను. అమీన్ అనునది విశ్వాసపాత్రుఁడను అర్థముగల అరబీ పదము. సంస్కృతపదములనే పరిహరించిన కవి యా పేరును బరిహరింపలేదు. అందువలనఁ గావ్యమునకుఁ గొఱఁత గలుగలేదు.

కనఁబడిన పరభాషాపద మెల్లఁ దెచ్చి పెట్టుకొనుఁడని నా మతము గాదు. తెలుఁగు విభక్తికి లోఁబడి, పామరునకుఁ గూడఁ దెలిసి, తన యర్థమును వేఱొకమాట యంత తేటగాఁ దెలుపలేనపు డది తెలుఁగు పదమే. స్వత్వశబ్దము సాధువే, కాని యా రైతు చేనిపైఁ దన కధికారము గలదని దానివలన నెఱుఁగఁడు. తన యర్జీ తనకే తెలియనివాఁ డధికారి యెదుట నేమి వాదింపఁగలఁడు? కావున నా దిద్దుబాటును నేనే కొట్టివేసి, 'హక్కు' అని మరల వ్రాసి యిచ్చితిని.