దెబ్బ నేర్పే చేతులు
1954లో అమెరికాలోని లూయీవిల్‌లో 12 ఏళ్ల కుర్రాడి సైకిలు పోయింది. దొంగ దొరికితే తంతానని వాడు రంకెలేస్తుంటే, ముందు కొట్టడం నేర్చుకోమని తన జిమ్‌కు రమ్మన్నాడు జో మార్టిన్ అనే పోలీసు. ఆ కుర్రాడే మూడుసార్లు హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ అయిన మహమ్మద్ అలీ.

బాక్సింగ్ కోచ్ పని చేతికి పట్టీ చుట్టడంతో మొదలవుతుంది. వదులైతే మణికట్టు బెణుకుతుంది, బిగిస్తే రక్తం ఆడదు. ఆపైన నిలబడే తీరు, అడుగు వేసే తీరు. దెబ్బకు బలం ఒక్క భుజానిదే కాదు. వెనక కాలు నేలను తన్నితే నడుము తిరిగి, ఆ ఊపు పిడికిలికి చేరుతుంది. ఇది ఒంటబట్టేదాకా కోచ్ చేతులకు ప్యాడ్లు తొడుక్కుని రోజూ దెబ్బలు కాస్తాడు. ఎంత ఓర్పు!

నిజామాబాద్‌లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు తొలి పాఠాలు చెప్పింది షంసముద్దీన్ గారు. 2009లో విశాఖలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వి. రావు గారు ఆమెను సానబట్టారు. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. షంసముద్దీన్ గారి అబ్బాయి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు.

మా ముత్తుకూరు తీరంలో వల లాగే చేతులకు సత్తువ కొదవలేదు. దాన్ని సానబట్టడానికి షంసముద్దీన్ గారి లాంటి గురువు ఒక్కరు ప్రతి మండలానికీ దొరకాలి. పతకం గెలిచినవారికి కొట్టే చప్పట్లలో సగం ఆ గురువులవే.