తలపాగా చుట్టే చేతులు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ తలకు తువ్వాలు చుట్టుకుంటుంటే నిలబడి చూడాలి. అద్దం ఉండదు, పిన్నీసు ఉండదు. గుడ్డను ఒక్కసారి గట్టిగా దులిపి, ఒక కొసను చెవి వెనక బొటనవేలితో అదిమిపెట్టి, మిగిలినదాన్ని మెలితిప్పుతూ నుదుటి మీదుగా తిప్పుతాడు. మొదటి చుట్టు బిగువుగా వేస్తాడు, చెమట కళ్లలోకి జారకుండా. తర్వాతవి కాస్త వదులుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. నడినెత్తిన మెత్తగా ఎత్తు రావాలి కదా! ఎక్కడ ఎంత బిగించాలో వేళ్లకే తెలుసు. చివరి కొస మడతలోకి దోపేసరికి 40 కిలోల బరువుకు తల సిద్ధం. ఘాటెక్కితే అదే కొస ముక్కుకు అడ్డం. పొలంలోనైతే తడిపి చుట్టుకుంటే చల్లదనం, గట్టు మీద పరుచుకుంటే పక్క, ఇంటికెళ్లేటప్పుడు గోంగూర మూట.

ఇప్పటి కుర్రాళ్లు టోపీలకు మళ్లారు. ముందుకు వచ్చిన అంచు కళ్లకు మంచి నీడే ఇస్తుంది, కాదనను. కానీ టోపీ ఎప్పటికీ టోపీయే. తువ్వాలు మాత్రం విప్పగానే మళ్లీ ఏ పనికైనా వస్తుంది. అందుకే నా మనసు తువ్వాలు వైపే. పెళ్లిళ్లకు కుట్టిన పాగాలు అద్దెకు దొరుకుతున్నా, చుట్టడం తెలిసిన పెద్దాయన ఊళ్లో ఉంటే ఆయన్నే పిలవండి. పెళ్లికొడుకు తల కొలత చూసి, “కదలకు నాయనా” అంటూ ఆయన మడత మీద మడత వేస్తుంటే చుట్టూ ఉన్న పిల్లలకు నేర్చుకోవాలనిపిస్తుంది.