పదిహేను రిజిస్టర్ల పంపకం

కంపైలర్ తయారుచేసిన అసెంబ్లీ చేతికి రాగానే నేను ముందు అన్నిటికన్నా లోపలి లూప్ ఎక్కడుందో చూస్తాను. తర్వాత ఆ లూప్‌లో ‘రీలోడ్’ అన్న మాట కోసం వెతుకుతాను. ఎల్‌ఎల్‌వీఎం ఈ విషయంలో దాపరికం లేని కంపైలర్. ఒక విలువను రిజిస్టర్‌లో ఉంచలేక మెమరీలోని స్టాక్ మీదికి పంపితే ఆ వరుస చివర ‘8-బైట్ స్పిల్’ అని, దాన్నే తిరిగి తెచ్చుకుంటే ‘8-బైట్ రీలోడ్’ అని వ్యాఖ్య రాసిపెడుతుంది. పెద్ద ఫంక్షన్‌లో ఇవి డజన్ల కొద్దీ కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి, ఆ సంఖ్య తగ్గితే చాలు కంపైలర్ మెరుగుపడినట్టే అనుకోవడం తేలిక. నా మటుకు నాకు స్పిల్స్ ఎక్కడ పడ్డాయన్నదే అసలు సంగతి, ఎన్ని పడ్డాయన్నది తర్వాతి మాట. ఈ పనిలో రోజులు గడిచేకొద్దీ ఆ నమ్మకం గట్టిపడుతూనే ఉంది.

ఈ రంగంతో పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఎన్ని వేరియబుల్స్ కావాలంటే అన్ని పెట్టుకుంటారు. ప్రాసెసర్ దగ్గర మాత్రం లెక్కలు చేసే చోటికి ఆనుకుని ఉండే రిజిస్టర్లు కొన్నే. మన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే 64 బిట్ల ఎక్స్86 రకంలో మామూలు అవసరాలకు 16 ఉంటాయి. అందులో ఒకటి స్టాక్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికే పోతుంది. మిగిలేవి 15. ఫోన్లలో ఉండే 64 బిట్ల ఆర్మ్‌లో 31. విలువ రిజిస్టర్‌లో ఉంటే వెంటనే అందుతుంది. దగ్గరి క్యాష్ నుంచి తేవాలంటే నాలుగైదు క్లాక్ సైకిళ్లు పడతాయి. ప్రధాన మెమరీ దాకా వెళ్లాల్సి వస్తే వందల సైకిళ్ల మాట. ఏ విలువ ఎప్పుడు ఏ రిజిస్టర్‌లో ఉండాలో, చోటు చాలనప్పుడు ఏది బయటికి పోవాలో తేల్చే దశే రిజిస్టర్ కేటాయింపు.

రైలు టికెట్లు తీసుకునేవాళ్లకు ఇందులో సగం తెలిసిన విద్యే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే బెర్తును హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఒకరికి, విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా ఇంకొకరికి ఇవ్వొచ్చు. విలువ పుట్టిన చోటు ఎక్కే స్టేషన్, చివరిసారి వాడిన చోటు దిగే స్టేషన్. ప్రయాణాలు ఒకదాని మీద ఒకటి పడకపోతే ఇద్దరికీ ఒకే రిజిస్టర్ సరిపోతుంది. 1999లో పొలెట్టో, వివేక్ సర్కార్ ప్రచురించిన లీనియర్ స్కాన్ పద్ధతి దాదాపు ఇదే. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి నడుచుకుంటూ పోయి, ఖాళీ అయినదాన్ని తర్వాతివాళ్లకు ఇచ్చేస్తుంది. ప్రోగ్రాం నడుస్తుండగానే కోడ్ తయారుచేయాల్సిన చోట్ల, కంపైలర్‌కు ఎక్కువ సమయం ఇవ్వలేని చోట్ల ఈ పద్ధతి ఎంతో ఉపకారం చేసింది. అయితే రైలుకు ఒకటే పట్టాల దారి. ప్రోగ్రాంలో దారులు చీలతాయి, కలుస్తాయి, వెనక్కి తిరిగి మళ్లీ మళ్లీ అక్కడికే వస్తాయి. అక్కడి నుంచే అసలు కష్టం మొదలవుతుంది.

ఆ కష్టాన్ని రంగులు వేసే సమస్యగా మార్చి పనిచేసే కంపైలర్‌లో చూపించినవాడు గ్రెగరీ చైతిన్. యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం పరిశోధనశాలలో, 801 యంత్రం కోసం రాస్తున్న కంపైలర్‌లో అతనూ సహచరులూ ఈ పని చేశారు. 1981లో ఆ పత్రం వచ్చింది. ప్రతి విలువా ఒక చుక్క. ఒకే సమయంలో బతికుండే రెండు విలువల మధ్య ఒక గీత. గీతకు రెండు కొసలా ఒకే రంగు పడకూడదు. రంగులు అంటే రిజిస్టర్లు. ఒక చుక్కకు ఉన్న గీతలు రంగుల సంఖ్య కన్నా తక్కువైతే దాన్ని నిశ్చింతగా పక్కన పెట్టొచ్చు, ఎందుకంటే చివర్లో దానికి ఏదో ఒక రంగు మిగిలి తీరుతుంది. ఈ ఉపాయం కొత్తది కాదు, 1879లో కెంప్ పటాలకు రంగులు వేయడానికి వాడిందే. నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 1976లో కంప్యూటర్ సాయంతో నిరూపించిన ఇద్దరిలో కెన్నెత్ అపెల్ ఒకరు. ఆయన కొడుకు ఆండ్రూ అపెల్ 1996లో లాల్ జార్జ్‌తో కలిసి రిజిస్టర్ల రంగుల పద్ధతికి రాసిన మెరుగుదలను ఈనాటికీ పాఠ్యాంశంగా చెబుతున్నారు. తండ్రి పటాలకు, కొడుకు రిజిస్టర్లకు! ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

చైతిన్ పద్ధతిలో ఒక తొందరపాటు ఉంది. గీతలు తక్కువున్న చుక్క ఇక ఒక్కటీ దొరక్కపోతే అది అక్కడికక్కడే ఒకదాన్ని స్పిల్ కోసం నిర్ణయించేస్తుంది. రైస్ విశ్వవిద్యాలయంలో ప్రెస్టన్ బ్రిగ్స్ బృందం 1989లో దీన్ని సరిదిద్దింది. నాలుగు చుక్కలను చతురస్రంలా కలపండి. చేతిలో రెండే రంగులు. ప్రతి చుక్కకూ రెండు గీతలున్నాయి కాబట్టి చైతిన్ లెక్క ప్రకారం ఒకటి స్పిల్ కావాల్సిందే. కానీ ఎదురెదురు మూలలకు ఒకే రంగు వేస్తే రెండు రంగులే సరిపోతాయని చిన్నపిల్లలు కూడా చెబుతారు. బ్రిగ్స్ చేసిందల్లా నిర్ణయాన్ని వాయిదా వేయడం. అనుమానమున్న చుక్కనూ పక్కన పెట్టుకుని, రంగులు వేసే వేళ నిజంగా మిగలకపోతేనే స్పిల్ చేయమన్నాడు. కోడ్‌లో మార్పు కొంచెమే, ఫలితం ఎంతో. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెరుగుదల ఇదే.

ఇంత అందమైన గణితం ఉన్నా, ఆఖరికి ఎవరో ఒకరు బయటికి పోక తప్పదు. ఎవరు పోవాలో ఆ చుక్కల, గీతల గ్రాఫ్ చెప్పదు.

ఒక లూప్ తీసుకుందాం. బొమ్మను మసకబరిచే పని. ప్రతి పిక్సెల్‌కూ అదీ, దాని చుట్టూ ఉన్నవీ కలిపి తొమ్మిది పిక్సెళ్లను తొమ్మిది గుణకాలతో గుణించి కూడాలి. వెక్టర్ సూచనలు వాడకుండా మామూలు రిజిస్టర్లతోనే చేస్తున్నామనుకోండి. గుణకాలు 9. పై వరుసకూ మధ్య వరుసకూ కింది వరుసకూ తలా ఒక పాయింటర్, 3. ఫలితం రాసే చోటికి 1. ఇంకా ఎన్ని పిక్సెళ్లు మిగిలాయో చెప్పే లెక్క 1. కూడుతూ పోయే మొత్తం 1. పిక్సెల్‌ను తెచ్చి గుణించడానికి తాత్కాలికంగా 1. అంతా కలిపి 16. ఉన్నవి 15.

ఒక్కటి పోవాలి. గుణకాల్లో ఒకటి పోయిందనుకుందాం. లూప్ లోపల దాని విలువ మారదు కాబట్టి బయటే ఒకసారి మెమరీలో రాస్తే సరి. పైగా ఎక్స్86లో గుణకారం చేసే సూచన తన రెండో సంఖ్యను నేరుగా మెమరీ నుంచే తీసుకోగలదు. పిక్సెల్‌కు ఒక్క లోడ్ అదనం, అదీ ఎవరినీ ఆపేది కాదు, ముందే తెచ్చి పెట్టుకోవచ్చు. అదే ‘మొత్తం’ పోయిందనుకోండి. ప్రతి పిక్సెల్‌కూ తొమ్మిదిసార్లు మెమరీ నుంచి తేవాలి, కూడాలి, తిరిగి రాయాలి. ప్రతి కూడికా అంతకు ముందు రాసినదాని కోసం నాలుగైదు సైకిళ్లు కాచుకుని కూర్చుంటుంది. రెండింట్లోనూ స్పిల్ అయిన విలువ ఒక్కటే, ఖర్చులో మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

వరుసలను తిప్పే బయటి లూప్ సంగతి కూడా చూడాలి. ఎన్నో వరుసలో ఉన్నాం, మొత్తం వరుసలెన్ని వంటి విలువలు లోపలి లూప్ అంతటా బతికే ఉంటాయి, కానీ అక్కడ వాటితో పని లేదు. వాటిని లూప్‌లోకి వెళ్లేముందు మెమరీకి పంపి, బయటికి వచ్చాక తెచ్చుకోవచ్చు. 1,920 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో అలాంటి నాలుగు రీలోడ్లు వరుసకు నాలుగే. లోపల పడిన ఒక్క రీలోడ్ వరుసకు 1,920. అసెంబ్లీలో నాలుగు వ్యాఖ్యలు ఒకచోట, ఒక్క వ్యాఖ్య మరోచోట. లెక్కపెట్టి తృప్తిపడేవాళ్లు రెండోదాన్నే మెచ్చుకుంటారు.

ఇక్కడ ఇంకో దారీ ఉంది. బొమ్మలో వరుసలన్నీ సమానమైన దూరంలో ఉంటాయి. కాబట్టి మూడు పాయింటర్లు అక్కర్లేదు, పై వరుస పాయింటర్ ఒకటి, వరుసల మధ్య దూరం ఒకటి చాలు. ఎక్స్86 చిరునామా లెక్కలో ఒక రిజిస్టర్‌ను రెండింతలు చేసి కూడే వీలుంది కాబట్టి మూడో వరుసా దొరికిపోతుంది. మూడు రెండయ్యాయి, పదహారు పదిహేనయ్యాయి, స్పిల్ లేదు! ఈ నిర్ణయం జరిగింది కేటాయింపు దశకు ముందు, లూప్ చిరునామాలను సర్దే దశలో. కేటాయింపు సరిగ్గా లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను ముందు దశలనూ తిరగేసేది ఇందుకే. ఎవరో ఒక లెక్కను లూప్ బయటికి జరిపి మంచిపని చేశామనుకుంటారు, దాని ఫలితాన్ని లూప్ అంతా మోసే భారం మాత్రం రిజిస్టర్ల మీద పడుతుంది. ఒక్క సూచనతో మళ్లీ పుట్టించగలిగే విలువను దాచి తెచ్చుకోవడం కన్నా మళ్లీ పుట్టించడమే మేలు అన్న కిటుకు కూడా బ్రిగ్స్ బృందం బాగా వృద్ధి చేసిందే.

ఇవన్నీ ఒక్క ప్రశ్న మీద నిలబడతాయి. ఏ భాగం ఎన్నిసార్లు నడుస్తుంది? ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 కోసం విడుదల చేసిన ఫోర్ట్రాన్ కంపైలర్‌కు పంచడానికి ఉన్న ఇండెక్స్ రిజిస్టర్లు మూడే. ఆ పంపకాన్ని రాసినవాడు షెల్డన్ బెస్ట్. అతనికి ముందు దశలో లోయిస్ హైబ్ట్ రాసిన భాగం ప్రోగ్రాంను ఊహలో నడిపి, చీలిక వచ్చిన ప్రతిచోటా పాచిక వేసినట్టు ఒక దారి పట్టి, ఏ ముక్క ఎంత తరచుగా నడుస్తుందో అంచనా కట్టేది. ప్రోగ్రాం రాసేవాళ్లే ఆ సమాచారం ఇవ్వడానికి ‘ఫ్రీక్వెన్సీ’ అనే వాక్యం కూడా ఆ భాషలో ఉండేది. రంగుల పద్ధతి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా ముందే, ఎక్కడ వేడి ఉందో తెలియకుండా పంచలేమని వాళ్లకు తెలుసు. తర్వాతి పుస్తకాల్లో లూప్ ఒక మెట్టు లోతైతే ఖర్చు పదింతలు అనే మోటు లెక్క స్థిరపడిపోయింది. దాన్ని పెద్దగా ప్రశ్నించకుండా చాలాకాలం నడిపించాం. నిజమైన నడక నుంచి సేకరించిన ప్రొఫైల్ చేతిలో ఉంటే ఆ పదింతల లెక్కను పక్కన పెట్టేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ లెక్క అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది లూప్ లోపలే ఉండి దాదాపు ఎప్పుడూ నడవని దారుల దగ్గర. లినక్స్‌లో ఎక్స్86 ఒడంబడిక ప్రకారం ఒక ఫంక్షన్‌ను పిలిస్తే 15 రిజిస్టర్లలో 9 చెరిగిపోవచ్చు. పిలుపు దాటాక కూడా భద్రంగా ఉండేవి 6. వేడి లూప్ మధ్యలో తప్పు జరిగితే లాగ్ రాసే పిలుపు ఒకటి ఉందనుకోండి. కోటిసార్లలో ఒకసారైనా నడవకపోవచ్చు. అయినా ఆ పిలుపు దాటి బతకాల్సిన విలువలు పది ఉంటే, ఆరింటికే భద్రమైన చోటు. మొద్దు కేటాయింపు మిగిలిన నాలుగింటినీ లూప్ అంతటా స్టాక్ మీదే ఉంచేస్తుంది. తెలివైనది విలువ బతికే కాలాన్ని ముక్కలు చేసి, మామూలు దారిలో రిజిస్టర్‌లోనే ఉంచి, ఆ పిలుపుకు ముందూ వెనకా మాత్రమే దాచి తెచ్చుకుంటుంది. స్పిల్, రీలోడ్ వ్యాఖ్యల సంఖ్య పెరుగుతుంది, ప్రోగ్రాం వేగమూ పెరుగుతుంది! 2011లో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం 3.0 లీనియర్ స్కాన్‌ను వదిలి యాకబ్ స్టోక్‌లుండ్ ఓలెసన్ రాసిన గ్రీడీ పద్ధతికి మారడంలోని బలమంతా ఈ ముక్కలు చేయడంలోనే ఉంది. అది ముందు పెద్ద విలువలకు చోటిస్తుంది, తర్వాత వచ్చినదాని బరువు ఎక్కువైతే పాతదాన్ని లేపేస్తుంది, లేచినదాన్ని తిన్నగా మెమరీకి పంపకుండా ముక్కలు చేసి మళ్లీ వరుసలో నిలబెడుతుంది. అందులో ఏ భాగాన్ని మార్చినా, ముక్కలు చేసే చోటును ఎంచే భాగాన్ని ముట్టుకున్నప్పుడే నాకు ఎక్కువ ఫలితం కనిపించింది.

ఫలితం కనిపించిందనడం కూడా ఒట్టి మాటగా చెప్పకూడదు. 2009లో మిట్కోవిచ్, సహచరులు వేసిన పత్రం ఒకటి మా రంగంలో అందరూ చదవాల్సింది. ప్రోగ్రాం నడిచే పరిసర వేరియబుల్స్ పొడవు మారినా, లింకర్‌కు ఫైళ్లు ఇచ్చే వరుస మారినా వేగం మారిపోతుందని వాళ్లు చూపించారు. రిజిస్టర్ కేటాయింపులో చిన్న మార్పు చేస్తే సూచనల పొడవు మారి, లూప్ మొదలయ్యే చిరునామా జరిగి, ఒకటి రెండు శాతం అటూఇటూ కావడం మామూలే. అందుకే అంకెల పట్టిక ఒక్కటే చూపించి మార్పును ఒప్పుకోమంటే నేను ఒప్పుకోను. వేగం పెరిగిన లూప్ ఏదో, అందులోంచి ఏ రీలోడ్ పోయిందో, అది పోయి ఎక్కడ పడిందో చూపించమంటాను. కొత్తగా చేరినవాళ్లకు ఇది చాదస్తంలా అనిపించవచ్చు. అసెంబ్లీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటయ్యాక వాళ్లే ఇతరులను అడగడం మొదలుపెడతారు.

ఈ మధ్య ఇలాంటి నిర్ణయాలను యంత్రాలకే నేర్పించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. సంగారెడ్డి జిల్లా కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం 2023లో వెలువరించిన ‘ఆర్‌ఎల్‌ఫర్‌రియల్’ అలాంటిదే. ఎల్‌ఎల్‌వీఎంలోని రంగుల సమస్యను రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌కు అప్పగించి, చుక్కల వరుస ఎంచడం, రంగు వేయడం, ముక్కలు చేయడం వేర్వేరు ఏజెంట్లకు పంచారు. ఎక్స్86కూ ఆర్మ్‌కూ రెండింటికీ చేశారు. మన ఊరి దగ్గర ఇంత మౌలికమైన కంపైలర్ పని జరగడం నాకు గర్వంగా ఉంది. ముక్కలు చేయడాన్ని విడిగా ఒక ఏజెంట్‌కు ఇవ్వడం వాళ్లు సరైన చోట చెయ్యి పెట్టారనడానికి గుర్తు.

రిజిస్టర్లే పెరిగిపోతున్నాయి కదా, ఇంకా ఈ తలనొప్పి ఎందుకని అడిగేవాళ్లున్నారు. 2023లో ఇంటెల్ ఏపీఎక్స్ పేరుతో ఎక్స్86కు మరో 16 రిజిస్టర్లు చేరుస్తామని ప్రకటించింది. మన బొమ్మ లూప్‌కు అది పండగే, తొమ్మిది గుణకాలూ మూడు పాయింటర్లూ హాయిగా పడతాయి. కానీ కొత్త పదహారూ ఫంక్షన్ పిలుపులో చెరిగిపోయే జాబితాలోనే చేరాయి. పిలుపు దాటి నిలిచేవి మునుపటిలాగే ఆరు. వేడి లూప్‌లో చల్లని పిలుపు ఉన్నచోట, ఎక్కడ ముక్క చేయాలి, ఎవరిని ఎంతసేపు దాచాలి అన్న పని ఏమీ తగ్గదు. ఇప్పుడు పదిహేను రిజిస్టర్ల చుట్టూ రాసుకున్న ఖర్చు లెక్కలన్నిటినీ ముప్పై ఒకటికి తిరిగి సరిచూసుకోవాల్సిన పని కొత్తగా చేరింది.